తొలి బుక్క ఎవరిది?

బతుకమ్మ పండగ మొదలయ్యే పెత్రమాస నాడు ధర్మసాగర్ మండలంలో ఏ వాకిట చూసినా తంగేడు, గునుగు పూల కుప్పలే. వంటింట్లో నువ్వులు చిటపటమంటుంటాయి. పొద్దుగూకే వేళకు బతుకమ్మను పేర్చాలి, నీళ్ల దాకా మోసుకుపోవాలి, ఆడాలి, పాడాలి, సాగనంపాక సత్తు పంచుకోవాలి. ఈలోపు ఏడాదిన్నర పిల్లవాడు గోడ పట్టుకుని వచ్చి గిన్నెలో చెయ్యి పెడతాడు. "ఆగు బిడ్డా, అమ్మవారికి పెట్టినంక తిందువు" అంటుంది అవ్వ. "పసిపోరడు అత్తమ్మా, ఏమైతది?" అంటుంది కోడలు. పోరడు ఎవరి మాటా వినడు. మూతి నిండా నువ్వుల పొడి.

చూడ్డానికి ఇది వంటింటి తగాదా. విప్పి చూస్తే మాత్రం పెద్ద పెద్ద పండితులు తలపట్టుకున్న ప్రశ్న. దేవుడికి పెట్టాల్సిన తిండి, పసివాడి ఆకలి ఒకేసారి ఎదురుపడితే ఎవరిది ముందు? దీనికి వేదకర్మల అర్థం తేల్చే మీమాంసకుల దగ్గర ఒక జవాబుంది, ధర్మశాస్త్రాలు రాసిన స్మృతికారుల దగ్గర ఒకటుంది, ఓరుగల్లు సీమ కవుల దగ్గర కథలున్నాయి. వీళ్లంతా ఒకే మాట మీద లేరు.

ముందు ఆ నైవేద్యాల సంగతే చూడాలి. బతుకమ్మ తొమ్మిది రోజుల వంటలను ఏ పిల్లల డాక్టరు ముందైనా పెడితే ఆశ్చర్యపోతారు. తొలిరోజు ఎంగిలిపూల బతుకమ్మకు నువ్వులు, నూకలు. రెండో రోజు అటుకులు, సప్పిడి పప్పు, బెల్లం. మూడో రోజు ముద్దపప్పు, పాలు, బెల్లం. నాలుగో రోజు నానబెట్టిన బియ్యం, పాలు, బెల్లం. అయిదో రోజు అట్లు. ఏడో రోజు బియ్యప్పిండిని వేపకాయలంత చేసి వేయిస్తారు. ఎనిమిదో రోజు నువ్వులు, వెన్న, బెల్లం కలిపిన ముద్దలు. తొమ్మిదో రోజు సద్దులు: పెరుగన్నం, పులిహోర, నిమ్మకాయ సద్ది, కొబ్బరి సద్ది, నువ్వుల సద్ది. ఊరూరికీ కొంచెం తేడా ఉండొచ్చు గానీ వరస ఇదే. సద్దులను పక్కన పెడితే కారం లేదు, మసాలా లేదు, గట్టిగా నమలాల్సినవి తక్కువ. పళ్లు పూర్తిగా రాని నోటికీ, పళ్లు ఊడిన నోటికీ సరిపోయే తిండి.

మధ్యలో ఒక రోజు తప్పిపోయింది. ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు అమ్మవారు అలిగింది కాబట్టి నైవేద్యం లేదు. రెండేళ్ల పిల్ల ఉన్న ఇంట్లో ఈ ఆరో రోజు వారానికి రెండుసార్లయినా వస్తుంది! తేడా ఏమిటంటే, అలిగిన అమ్మవారి వెంట గిన్నె పట్టుకుని ఎవరూ పరిగెత్తరు. నోరు నొక్కి కుక్కరు. ఊరుకుంటారు, ఏడో రోజు మళ్లీ వండుతారు. చిన్నపిల్లలకు తిండి పెట్టడంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఒక ముఖ్యమైన మాట కూడా ఇదే: పిల్లల ఆకలి సైగలు గమనించి పెట్టాలి, వద్దంటే బలవంతం చేయొద్దు. దేవతకు ఇచ్చిన ఆ స్వేచ్ఛ పసిపిల్లకు ఎందుకివ్వరో ఏ శాస్త్రంలోనూ లేదు.

నువ్వుల సత్తు చేసే తీరును దగ్గరగా చూడాలి. మట్టీ రాయీ లేకుండా చెరిగిన నువ్వులను సన్నటి సెగ మీద దోరగా వేయిస్తారు. రంగు తిరిగి, ఒకటీ అరా ఎగిరి పడుతున్నప్పుడు దింపేయాలి, ఇంకో నిమిషం ఉంచితే చేదు. చల్లారాక రోట్లో వేసి దంచుతుంటే మొదట పొడి, తర్వాత నూనె ఊరి రోకలికి అంటుకుంటుంది. అప్పుడు బెల్లం వేసి మళ్లీ నాలుగు పోట్లు. పల్లీలతో చేస్తే పల్లి సత్తు, వేయించిన పెసర్లతో చేస్తే పెసర సత్తు. ఇప్పుడు చాలా ఇళ్లలో రోకలి పని మిక్సీ చేస్తోంది. ఈ దంచడంలోనే పసివాడికి మేలుంది. నాలుగైదేళ్ల లోపు పిల్లలకు గింజ గింజగా పల్లీలు పెడితే గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది, దంచి పెడితే ఆ బలమంతా భయం లేకుండా లోపలికి పోతుంది. పొట్టు తీయని నువ్వులు వంద గ్రాముల్లో కాల్షియం దాదాపు వెయ్యి మిల్లీగ్రాములు, రకాన్ని బట్టి ఇంకా ఎక్కువే. పొడి సత్తును నోట్లో పోస్తే మాత్రం పిల్ల దగ్గి ఉక్కిరిబిక్కిరవుతుంది. పాలో నెయ్యో కలిపి మెత్తటి ముద్ద చేయాలి.

ఇలాంటి తిండికి ఈ నేల మీద మతం గోడ కూడా లేదు. రొట్టెను తుంచి, బెల్లం వేసి, చేత్తో నలిపి చేసే మలీద సద్దుల బతుకమ్మకూ ఉంటుంది, పీర్ల పండక్కీ ఉంటుంది. తెలంగాణ పల్లెల్లో పీరు ముందు పెట్టిన మలీద కోసం చెయ్యి చాచే పిల్లల్లో ఎవరిది ఏ ఇల్లో అడిగేవాళ్లు లేరు.

ఇక పసివాడి పక్షం. వాడి పొట్ట పరిమాణం ఒంటి బరువులో కిలోకి ముప్ఫై మిల్లీలీటర్లు అని ఒక మోటు లెక్క. పది కిలోల పిల్లవాడికి మూడు వందల మిల్లీలీటర్లు, అంటే ఒక పెద్ద గ్లాసెడు. ఒక్కసారి పెట్టి రోజంతా ఆగమంటే కుదరదు. రోజుకు మూడు నాలుగు సార్లు భోజనం, మధ్యలో ఒకటి రెండు సార్లు చిరుతిండి కావాలి. పెద్దవాళ్లకు చిరుతిండి సరదా కావచ్చు, వాడికి అది భోజనంలో భాగమే. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో అయిదేళ్ల లోపు పిల్లల్లో 33.1 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరని తేలింది. ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత. పండగ పూట మాత్రమే సత్తు దంచుకునే ఇళ్ల లెక్క ఇది. మిగతా మూడు వందల యాభై రోజులూ పసివాడి చేతిలో ఏముంటుందో కిరాణా కొట్టు ముందు వేలాడే అయిదు రూపాయల ప్యాకెట్ల దండలు చెబుతాయి. ఆ ప్యాకెట్ ముందు మాత్రం ఏ అవ్వా "దేవునికి పెట్టినంక" అనదు. కోడలు ఆ మాట ఎత్తిచూపితే అవ్వ దగ్గర జవాబు ఉండదు.

స్మృతికారుల మాట వింటే కోడలికి కొండంత బలం. గౌతమ ధర్మసూత్రం ఉపనయనానికి ముందు పిల్లవాడికి నడత, మాట, తిండి మూడింట్లోనూ నియమాలు పెట్టలేదు. వాడికి తోచిందే వాడి దారి. గృహస్థు ముందుగా అతిథికి పెట్టాలన్నది ఈ దేశంలో గట్టి నియమం. ఆ నియమానికే మనుస్మృతి మినహాయింపు ఇచ్చింది. కొత్త కోడళ్లు, ఆడపిల్లలు, రోగులు, గర్భిణులు ఉంటే అతిథి కన్నా ముందే, రెండో ఆలోచన లేకుండా పెట్టమంది. యాజ్ఞవల్క్యుడు ఆ జాబితాలో బాలురను, ముసలివాళ్లను స్పష్టంగా చేర్చి, ఇల్లాలూ ఇంటాయనా అందరూ తిన్నాక మిగిలింది తినాలన్నాడు. మనువు చెప్పిన వాటిలో చెవిన పెట్టకూడనివి బోలెడున్నాయి. ఈ ఒక్కటి మాత్రం ప్రతి వంటింటి గోడ మీద రాయించొచ్చు.

కానీ అతిథి వేరు, దేవుడు వేరు అంటుంది అవ్వ. న్యాయమైన అభ్యంతరమే. అక్కడ మీమాంసకులు వస్తారు.

మీమాంసకు మూలమైన జైమిని సూత్రాలకు భాష్యం రాసిన శబరస్వామి తొమ్మిదో అధ్యాయంలో దేవతలు తింటారా అనే చర్చను మొహమాటం లేకుండా మొదలుపెట్టాడు. తింటారు అనేవాళ్ల వాదన: తుమ్మెద పువ్వులోని తేనె పీల్చినట్టు దేవత అన్నంలోని రసాన్ని మాత్రం పీల్చుకుంటుంది, అందుకే నైవేద్యం పెట్టిన అన్నం చప్పబడుతుంది. శబరుడి జవాబు ఈనాటి హైస్కూలు సైన్సు మాస్టారు చెప్పేదానికి దగ్గరగా ఉంటుంది. గాలి తగిలి, చల్లారిపోయి చప్పబడిందే గానీ దేవత పీల్చినందుకు కాదు. ఆయన లెక్కలో దేవతకు ఒళ్లు లేదు, నోరు లేదు. ఫలితం ఇచ్చేది చేసిన కర్మే, దేవత కడుపు నిండటం కాదు. వేదాన్ని అక్షరం పొల్లుపోకుండా నమ్మిన శాఖ ఇలా తేల్చడం వింతే. ఆ లెక్క ప్రకారం పసివాడు గిన్నెలో చెయ్యి పెడితే దేవత ఆకలి మిగిలిపోవడం అనే మాటకే తావు లేదు. మహా అయితే కర్మలో ఒక లోపం. మళ్లీ ఇంకో పిడికెడు దంచితే తీరిపోతుంది.

భక్తులు దీన్ని ఒప్పుకోరు. వాళ్ల దేవుడు తింటాడు. వాళ్ల కథల కోసం ధర్మసాగర్ నుంచి ఎక్కువ దూరం పోనక్కర్లేదు, జనగామ జిల్లా పాలకుర్తి చాలు. 13వ శతాబ్దపు శివకవి పాల్కురికి సోమనాథుడు ద్విపదలో చెప్పిన బసవపురాణంలో తిండి చుట్టూ తిరిగే కథలు ఎన్నో. గొడగూచి అనే చిన్నపిల్లకు తండ్రి ఊరెళుతూ, రోజూ శివుడికి పాలు పెట్టమని అప్పగిస్తాడు. పిల్ల పాలు పెట్టి, శివుడు తాగుతాడని ఎదురుచూస్తుంది. తాగకపోతే ఏడుస్తుంది, బతిమాలుతుంది, చచ్చిపోతానంటుంది. శివుడు తాగక తప్పలేదు. పళ్లెం నిండుగా పెట్టి నిండుగా వెనక్కి తెచ్చుకోవడం పెద్దవాళ్లకు అలవాటు. దేవుడు నిజంగా తింటాడని నమ్మింది ఆ కథలో పసిపిల్ల ఒక్కతే. వాళ్ల నాన్నే నమ్మలేకపోయాడు.

అదే పుస్తకంలో ఇద్దరు తల్లులున్నారు. బెజ్జ మహాదేవికి ఒక బెంగ. శివుడికి అందరూ ఉన్నారు, అమ్మే లేదు. అమ్మ ఉంటే విషం తాగనిచ్చేదా, బూడిద పూసుకుని తిరగనిచ్చేదా అనుకుని తానే అమ్మ అయింది. నలుగు పెట్టింది, నీళ్లు పోసింది, పాలిచ్చింది. శివుడు పరీక్షించాలని పాలు తాగడం మానేస్తే, పిల్లవాడికి గొంతులో ఏదో జబ్బు చేసిందని తల్లడిల్లి ప్రాణం తీసుకోబోయింది. పిల్లవాడు పాలు ముట్టకపోతే డాక్టరు గుమ్మం ముందు నిలబడే ఈనాటి తల్లికి అందులో ఒక్క మాటా కొత్త కాదు.

రెండో తల్లి నిమ్మవ్వ. శివార్పణ కోసం పిండివంటలు చేస్తోంది. ఆకలితో ఇంటికొచ్చిన కొడుకు, పెట్టక ముందే నోట్లో వేసుకున్నాడు. నిమ్మవ్వ కొడుకు ప్రాణం తీసింది.

చదువుతుంటే చెయ్యి వణికే కథ. వీరశైవ భక్తిలో తీవ్రత అంటే అదీ, లౌకిక న్యాయంతో దాన్ని తూచకూడదు అంటారు పండితులు. కథ శివానుగ్రహం దాకా పోతుంది కూడా. అయినా ఒక సంగతి మిగులుతుంది. దేవుడినే కొడుకుగా చేసుకున్న తల్లినీ, కొడుకును దేవుడికి అడ్డంగా చూసిన తల్లినీ సోమనాథుడు ఒకే పుస్తకంలో, ఒకే గౌరవంతో నిలబెట్టాడు. ఎవరిది సరైన దారో ఆయన తేల్చలేదు. తేల్చింది తర్వాతి జనం. బెజ్జ మహాదేవి పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. నిమ్మవ్వ పండితుల గదుల్లోనే ఉండిపోయింది. ఓటు వేసినవాళ్లు పేరు చెప్పలేదు గానీ ఓటు ఎటు పడిందో తెలుస్తూనే ఉంది.

పాలకుర్తి పక్కనే బమ్మెర. పోతన ఊరు. ఆయన భాగవతం దశమ స్కంధంలో కృష్ణుడు గోపబాలురతో కూర్చుని చల్దులు తినే ఘట్టం తెలుగు పిల్లలకు చిన్నప్పుడే పరిచయం. ఒకరి మూటలోది ఒకరు లాక్కుంటారు, ఒకరి ఎంగిలి ఒకరు తింటారు, యజ్ఞభోక్త వాళ్ల మధ్యే ఉన్నాడు. పైనుంచి చూస్తున్న బ్రహ్మ కృష్ణుడి మహిమ చూడాలని దూడల్ని దాచేశాడు. తింటున్న దేవుడికి ఎంగిలి అడ్డం కాలేదు. శ్రీకాళహస్తిలో కన్నప్ప కొరికి రుచి చూసి పెట్టిన మాంసం సంగతి సరేసరి. భక్తి ముదిరిన చోటల్లా ఎంగిలి లెక్క చెరిగిపోతూనే వచ్చింది, నిమ్మవ్వ ఇంట్లో తప్ప.

మరి శాస్త్రం, డాక్టరు ఎక్కడ తగువు పడతారు? తేనె దగ్గర. అయితే ముందు ఇద్దరూ కలిసే చోటు చూడాలి. అన్నప్రాశనకు ఆశ్వలాయన గృహ్యసూత్రం ఆరో నెల అంది. ఆరు నెలల దాకా తల్లిపాలే, ఆ తర్వాత తల్లిపాలతో పాటు ఇతర తిండి అని 2001 నుంచి ప్రపంచ ఆరోగ్య సభ చెబుతున్నది కూడా దాదాపు అదే. అంతేకాదు, తిండిపుష్టి కోరితే మేకమాంసం, బ్రహ్మవర్చస్సు కోరితే తిత్తిరి పిట్ట మాంసం, తేజస్సు కోరితే నేతి అన్నం పెట్టమంది ఆ సూత్రం. మాంసమో చేపో గుడ్డో రోజూ ఉండాలని 2023 మార్గదర్శకాలూ అంటున్నాయి. పప్పన్నమే పరమ పవిత్రమని చెప్పే శాకాహారి పురోహితులు ఆశ్వలాయనుడి పేజీని కొంచెం వేగంగా తిప్పేస్తారు. అదే సూత్రంలో పెరుగు, తేనె, నెయ్యి కలిపిన అన్నమూ ఉంది. పుట్టగానే చేసే జాతకర్మలో నాలుక మీద తేనె, నెయ్యి. ముస్లింల ఇళ్లలో నవజాత శిశువు అంగిట నమిలిన ఖర్జూరం రాస్తారు. తీపితో లోకంలోకి ఆహ్వానించడం చాలా సంప్రదాయాల ముచ్చటే. కానీ ఏడాది లోపు పిల్లలకు తేనెలో ఉండగల బీజాల వల్ల బాట్యులిజం అనే జబ్బు రావచ్చు, నాకించొద్దు అని డాక్టర్లు తెగేసి చెబుతున్నారు. ఇక్కడ సర్దుబాటు లేదు, డాక్టరు మాటే వినాలి. నేతి అన్నంతో తేజస్సు వస్తుందని ఆశ్వలాయనుడే భరోసా ఇచ్చాడు కదా.

బెల్లం సంగతి ఇంకా చిక్కు. మేడారంలో సమ్మక్క సారలమ్మలకు బెల్లమే బంగారం. మొక్కున్న పిల్లల్ని తక్కెడలో కూర్చోబెట్టి ఎత్తు బెల్లం తూచి ఇస్తారు. తెలంగాణలో పిల్లవాడి విలువను కొలిచే ద్రవ్యమే అది. ఆ బెల్లాన్ని పిల్లవాడి నోట్లో పెట్టొద్దనడం ఎవరికైనా కష్టమే. కానీ పోషకాహార లెక్కల్లో బెల్లం కూడా కలిపిన చక్కెరే, అందులోని ఇనుము అంతంత మాత్రమే. రెండేళ్ల దాకా పిల్లల తిండిలో తీపి కలపొద్దని డాక్టర్ల సలహా. అంగన్‌వాడీ నుంచి ఏడు నెలలు మొదలు మూడేళ్ల దాకా పిల్లలకు వచ్చే బాలామృతంలో వేయించిన గోధుమలు, సెనగపప్పు, పాలపొడి, నూనెతో పాటు చక్కెర కూడా ఉంది. ప్రభుత్వానికీ ఇది పూర్తిగా తేలని లెక్కే.

ఇక్కడే అవ్వాకోడళ్ల తగాదా అనుకోని మలుపు తిరుగుతుంది. పసివాడికి బెల్లం లేని సత్తు కావాలంటే రోట్లో బెల్లం పడక ముందే పిడికెడు తీసి పక్కన పెట్టాలి. ముద్దపప్పులో బెల్లం కలపక ముందే ఒక గరిటె తీయాలి. సద్దిలో ఉప్పు, పులుపు పడక ముందే మెత్తటి అన్నం కొంచెం తీసి పెరుగు కలపాలి. నైవేద్యం తయారు కాకముందే పిల్లవాడి వాటా గిన్నెలోంచి బయటికొచ్చేస్తుంది. అప్పటికి అది ఇంకా దేవుడి వంటే కాలేదు కాబట్టి ఎంగిలన్న మాటే రాదు. తర్వాత బెల్లం కలిసిన సత్తు అమ్మవారికి. యాజ్ఞవల్క్యుడు చెప్పిన వరసా తప్పలేదు, అవ్వ మడీ చెడలేదు, డాక్టరు మాటా దక్కింది. పసివాడి వాటా తాజాగా ఉండాలి, వండిన చెయ్యి సబ్బుతో కడిగి ఉండాలి. మడి బట్ట కట్టుకున్నంత మాత్రాన చేతి మీది క్రిములు పక్కకు తప్పుకోవు. సద్దిని పొద్దున్నించి రాత్రి దాకా మూత కింద ఉంచి పసివాడికి పెట్టడం అంతకన్నా తప్పు.

అవ్వ దగ్గర ఇంకో మాట మిగిలే ఉంది, అది తీసిపారేయదగ్గది కాదు. ఆగడం నేర్పకపోతే పిల్లలు ఎప్పుడు నేర్చుకుంటారు? వండిందంతా తనదేననుకునేవాడికి ఇంకొకరికి పెట్టాలన్న ఆలోచన ఎక్కడి నుంచి వస్తుంది? తన కోసమే వండుకునేవాడు పాపమే తింటున్నాడని గీత మూడో అధ్యాయం గట్టిగానే అంది. ఏడాదిన్నర వాడికి ఈ పాఠం ఎక్కదు, నిజమే. వాడికి రేపు అనేదే లేదు. కానీ పిల్లలు ఏడాదిన్నర దగ్గరే ఆగిపోరు. ఒకనాటికి ఆగమనాల్సిందే. ఏ వయసులో?

కాకతీయులు ఇంకా సామంతులుగా ఉన్న రోజుల్లో, వాళ్ల ప్రభువైన కల్యాణి చాళుక్య ఆరో విక్రమాదిత్యుడి కొలువులో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రాశాడు. పిల్లల తప్పుల గురించి ఆయన ఎత్తి చూపిన పాత వచనాల ప్రకారం అయిదేళ్లు నిండని పిల్లలకు అపరాధమే లేదు. పాపం అంటదు, రాజు శిక్షించకూడదు, ప్రాయశ్చిత్తం అడగకూడదు. అయిదు దాటి పదకొండు నిండని వాళ్లు తప్పు చేస్తే ప్రాయశ్చిత్తం ఉంటుంది గానీ వాళ్లు చేయనక్కర్లేదు, అన్నో తండ్రో దగ్గరి మిత్రుడో వాళ్ల బదులు చేయాలి. ఆ లెక్కన తమ్ముడు గిన్నెలో చెయ్యి పెడితే ఎవరికీ ఏమీ కాదు. తమ్ముణ్ని చూసి ఆరేళ్ల అక్క కూడా ఒక ముద్ద నోట్లో వేసుకుంటే మాత్రం, పూలు కోసుకొచ్చి అలసిపోయి అరుగు మీద కూర్చున్న నాన్న స్నానం చేసి, ఇంకో కిలో నువ్వులు తేవాల్సి ఉంటుంది.